తమ్ముడికి ప్రెస్ మిషన్‌లో వేళ్లు పోయాయి. ట్రైనింగ్ ఇస్తామంటున్నారు, దానితో నిజంగా పని దొరుకుతుందా?

గాజువాక అక్క | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా తమ్ముడికి 29 ఏళ్లు. ఐటీఐలో ఫిట్టర్ చేసి, ఒక చిన్న ఫ్యాక్టరీలో ఆరేళ్లు పనిచేశాడు. ఏడాదిన్నర కిందట పవర్ ప్రెస్ కింద పడి కుడిచేతి నాలుగు వేళ్లూ పోయాయి. బొటనవేలు ఒక్కటే మిగిలింది. ఈఎస్ఐ ఉంది కాబట్టి వైద్యం జరిగింది, ఇప్పుడు నెలనెలా కొంత డబ్బు వస్తోంది. ఫ్యాక్టరీ వాళ్లు మాత్రం మళ్లీ పిలవలేదు.

గాయం మానాక ఒకచోట మూడు నెలల కంప్యూటర్ కోర్సులో చేర్పించాం. ఎడమచేత్తో టైపింగ్ నేర్చుకున్నాడు. ఆ సర్టిఫికెట్ పట్టుకుని పదకొండు చోట్లకు వెళ్లాడు. ఒక్కరూ తిరిగి ఫోన్ చేయలేదు. ఇప్పుడు ఇంకొకరు వచ్చి "వృత్తి పునరావాసం కింద ఆరు నెలల ట్రైనింగ్ ఉంది, ఈసారి డీటీపీ, అంటే కంప్యూటర్‌లో పేజీలు తయారుచేసే పని" అంటున్నారు. వీడు ససేమిరా అంటున్నాడు. "అక్కా, బీరువాలో పెట్టుకోడానికి ఇంకో కాగితం వద్దు" అన్నాడు. పైగా ఉద్యోగంలో చేరితే ఈఎస్ఐ డబ్బు ఆగిపోతుందని ఎవరో చెప్పారట, అదొక టెన్షన్.

ఇలాంటి ట్రైనింగుల వల్ల పని దొరికినవాళ్లు ఇక్కడ ఉన్నారా? ఉంటే ఎలా దొరికిందో కాస్త వివరంగా చెప్పండి.

వైండింగ్ మాస్టారు | సోమవారం, రాత్రి 10:25

అమ్మా, నాకు దొరికింది. అందుకే రాస్తున్నాను.

నాకు చిన్నప్పుడే పోలియో, ఎడమ కాలు. 1994లో హైదరాబాద్ విద్యానగర్‌లోని వొకేషనల్ రిహాబిలిటేషన్ సెంటర్‌కి వెళ్లాను. వీఆర్సీ అనేవాళ్లం. 1968లో దేశంలో మొదటగా పెట్టిన రెండింటిలో అదొకటి, రెండోది బొంబాయిలో. ఇప్పుడు వాటికి నేషనల్ కెరీర్ సర్వీస్ సెంటర్లని పేరు మార్చారు.

వాళ్లు నన్ను వెళ్లగానే కోర్సులో కూర్చోబెట్టలేదు. ముందు కొన్ని రోజులు నా చేత రకరకాల పనులు చేయించి చూశారు. చెక్కపలక రంధ్రాల్లో పుల్లలు పెట్టించారు. నట్లు, బోల్టులు బిగించమని టైమ్ చూశారు. కుట్టుమిషన్ తొక్కించారు, పది నిమిషాలకే నడుం పట్టేసింది. ఆఖరికి ఒక సార్ కూర్చోబెట్టి చెప్పారు: "నీ వేళ్లు సన్నటి పని మీద నిలబడతాయి, లెక్క తప్పవు, కూర్చుని చేసే పని చూసుకో" అని. అప్పటిదాకా ఇంట్లో, ఊళ్లో అందరూ నా కాలు గురించే మాట్లాడారు. నా వేళ్ల గురించి మాట్లాడిన మొదటి మనిషి ఆయనే.

అక్కడి నుంచి మోటార్ వైండింగ్‌కి వచ్చాను. కాలిపోయిన ఫ్యాను తెస్తారు. పాత తీగంతా లాగేసి, స్లాట్లు గీకి, ఇన్సులేషన్ పేపరు దూర్చి, ఎనామిల్ తీగ చుట్లు లెక్కపెట్టుకుంటూ చుట్టాలి. మధ్యలో ఎవరైనా పలకరిస్తే లెక్క పోతుంది, మొదటికి రావాలి. నేను చేసుకున్న మార్పు ఒక్కటే. క్యాలిపర్ (కాలికి ఆసరాగా కట్టే పట్టీ) వేసుకున్న కాలు చాపుకోడానికి బల్ల కింద అడ్డకర్ర తీయించాను. 30 ఏళ్లుగా అదే బల్ల.

మీ తమ్ముడు ఆరేళ్లు ఫిట్టర్‌గా చేశాడంటున్నారు. ఆ ఆరేళ్ల పనినీ పక్కన పడేసి డీటీపీ నేర్పిస్తామన్నది ఎవరమ్మా? వేళ్లు పోయాయి గానీ పని తెలిసిన కన్ను పోలేదు కదా.

తెల్లకర్ర ఎంవీపీ | సోమవారం, రాత్రి 11:10

మాస్టారికి దొరికినట్టు అందరికీ దొరకదండీ. నా సంగతి చెబుతాను.

నాకు పూర్తిగా చూపు లేదు. డిగ్రీ అయ్యాక ఒక శిక్షణ కేంద్రంలో నాలుగు నెలలు కాల్ సెంటర్ ట్రైనింగ్ తీసుకున్నాను. రోజూ పొద్దున్నే బొటనవేలి హాజరు వేయించేవాళ్లు, అది మాత్రం ఒక్కరోజూ తప్పలేదు. ఇరవై మందికి స్క్రీన్ రీడర్ (తెర మీదున్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) ఉన్న కంప్యూటర్లు మూడు. ప్లేస్‌మెంట్ అంటూ వేరే రాష్ట్రంలో ఉద్యోగం చూపించారు. జీతంలో హాస్టల్‌కీ తిండికీ పోను మిగిలేది బస్సు ఛార్జీ. మా బ్యాచ్‌లో ఆరుగురం వెళ్లాం, రెండు నెలల్లో ఆరుగురం వెనక్కి వచ్చేశాం. వాళ్ల పుస్తకాల్లో మాత్రం మేం ఉద్యోగం వచ్చినవాళ్లమే.

తర్వాత ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్‌తో ఇంట్లో సొంతంగా నేర్చుకుని బ్యాంకు పరీక్ష రాశాను. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 4 శాతం రిజర్వేషన్ ఉంది. అందులో 1 శాతం చూపు లేనివాళ్లకు, చూపు బాగా తక్కువున్నవాళ్లకు. అలా క్లర్క్‌గా చేరాను.

చేరాక జరిగింది కూడా చెప్పాలి. నా కంప్యూటర్‌లో స్క్రీన్ రీడర్ పెట్టడానికి ఆరు వారాలు పట్టింది. అన్నాళ్లూ కుర్చీలో ఊరికే కూర్చున్నాను. పక్కవాళ్లు "పాపం, ఏం చేయగలడులే" అనుకోవడం నాకు వినిపిస్తూనే ఉంది. సాఫ్ట్‌వేర్ పెట్టిన నాలుగో రోజుకల్లా పెండింగ్ ఉత్తరాలన్నీ పూర్తిచేశాను. ఆ ఆరు వారాలూ పని రానివాడిగా ఎందుకు కూర్చోవాల్సి వచ్చిందో ఇప్పటికీ తలుచుకుంటే బాధేస్తుంది. చేరినవాడికి కావాల్సిన సదుపాయం ఇవ్వడం దయ కాదు, ప్రభుత్వ సంస్థలన్నీ ఇచ్చి తీరాలని అదే చట్టం 20వ సెక్షన్‌లో ఉంది.

యూనియన్ బాబాయ్ | మంగళవారం, ఉదయం 6:15

గాజువాక అమ్మాయీ, ముందు నీ టెన్షన్ సంగతి. పనిలో ప్రమాదం జరిగి శాశ్వత వైకల్యం వస్తే ఈఎస్ఐ ఇచ్చేది బతికున్నంతకాలం ఇచ్చేది. మళ్లీ ఉద్యోగంలో చేరినా, ఎంత జీతం వచ్చినా అది ఆగదు. ఆ మాట చెప్పినవాడికి తెలియక చెప్పాడు. మల్కాపురం ఈఎస్ఐ ఆస్పత్రి చుట్టూ పాతికేళ్లు తిరిగినవాణ్ణి, ధైర్యంగా చెబుతున్నాను.

రెండోది. ఒక చేతి నాలుగు వేళ్లూ పోతే సంపాదన శక్తి నష్టం 50 శాతమని చట్టం పట్టికలోనే ఉంది. ప్రమాదంలో 40 శాతం పైన నష్టం వచ్చి, వయసు 45 దాటనివాళ్లకు వృత్తి పునరావాస శిక్షణ తీసుకున్నన్నాళ్లూ ఈఎస్ఐ భత్యం ఇస్తుంది. మీవాడికి రెండూ సరిపోతాయి. ఇది ఎవరూ ఇంటికొచ్చి చెప్పరు. బ్రాంచి ఆఫీసుకెళ్లి నోరు తెరిచి అడగాలి.

ఈఎస్ఐ మెడికల్ బోర్డు వేసే శాతం వేరు, వైకల్యం సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపులో డాక్టర్లు వేసే శాతం వేరు. మొదటిది సంపాదన లెక్క, రెండోది శరీరం లెక్క. ఒకటి ఉంది కదా అని రెండోది మానేయకండి. సదరం లేకపోతే రిజర్వేషన్‌కి గానీ, దివ్యాంగుల కార్పొరేషన్ రుణానికి గానీ గడప దాటలేడు. సచివాలయంలో స్లాట్ పెట్టుకోండి, యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు) కార్డు కూడా తీసుకోండి.

ఇంకొక్క మాట, కోపంతోనే రాస్తున్నాను. ఆ ప్రెస్‌కి రెండు చేతుల బటన్ ఉందా? రెండు చేతులూ బటన్ల మీద ఉంటేనే దిగే ప్రెస్ కింద వేళ్లెలా పడతాయి? ప్రొడక్షన్ కోసం ఒక బటన్‌ని కట్టేస్తారు. అది నేను నా కళ్లతో చూశాను. ప్రభుత్వ సంస్థ అయ్యుంటే ఉద్యోగం తీసేయడానికే వీల్లేదు, అదే జీతం మీద వేరే పనికి మార్చాలి. కాలు తీసేసిన కానిస్టేబుల్ కేసులో, కునాల్ సింగ్ కేసు అంటారు, సుప్రీంకోర్టు 2003లోనే చెప్పింది. చిన్న ప్రైవేటు ఫ్యాక్టరీల్లో ఆ రక్షణ లేదు. నా బాధంతా అదే.

దువ్వాడ హెచ్‌ఆర్ | మంగళవారం, మధ్యాహ్నం 1:30

నేను సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి)లో ఒక కంపెనీలో హెచ్‌ఆర్‌గా చేస్తున్నాను. ఉద్యోగం ఇచ్చేవాళ్ల వైపు నుంచి నాలుగు మాటలు.

మూడేళ్ల కిందట మా ప్యాకింగ్ లైన్‌లోకి వినికిడి లేని ఎనిమిది మంది అమ్మాయిల్ని తీసుకున్నాం. ట్రైనింగ్ బాగానే అయి వచ్చారు, చేతులు చాలా చురుకు. మొదటి వారం మాకు తట్టనిది ఏమిటంటే, లైన్ ఆగితే మోగేది బజర్. అందరూ చేతులు వెనక్కి తీస్తే వీళ్లు తీయడం లేదు. మెయింటెనెన్స్ కుర్రాడు ప్రతి స్టేషన్ మీదా ఎర్రలైటు పెట్టాడు. ఒక్క సాయంత్రం పని. ఇప్పుడు వినపడేవాళ్లు కూడా ఆ లైటే చూసుకుంటున్నారు.

అంతకంటే కష్టమైనది ఒకటి జరిగింది. ఒకమ్మాయి పొద్దున్నుంచీ ముఖం ముడుచుకుని కూర్చుంది. సూపర్‌వైజర్ బద్ధకం అనుకుంది. మధ్యాహ్నం కింద పడిపోయాక తెలిసింది కడుపునొప్పి అని. ఆ మర్నాడే శిక్షణ ఇచ్చిన టీచర్‌ని పిలిపించి సూపర్‌వైజర్లందరికీ ఇరవై సైగలు నేర్పించాం. ఆపు, జాగ్రత్త, అయిపోయింది, నీళ్లు, నొప్పి, ఎక్కడ. టీచర్ మూడు నెలలు వారానికోసారి వచ్చేవారు. ఆవిడ రాకపోయుంటే ఒక్కరూ మిగిలేవాళ్లు కారు.

ఎనిమిది మందిలో ముగ్గురు మానేశారు. పని రాక కాదు. సెకండ్ షిఫ్ట్ అయ్యాక రాత్రి బస్సు దొరక్క.

గాజువాక అక్కా, మీ తమ్ముడు ముక్కల సైజు కొలిచే వెర్నియర్, మైక్రోమీటర్ చూడగలడా? డ్రాయింగ్ చదవగలడా? అది చెప్పండి. డీటీపీ సంగతి తర్వాత.

గాజువాక అక్క | మంగళవారం, రాత్రి 8:05

బాబాయ్ గారూ, మీ పోస్టు తమ్ముడికి చదివి వినిపించాను. డబ్బు ఆగదన్న మాట దగ్గర "మళ్లీ చదువు" అన్నాడు. చాలా థాంక్స్ అండీ. బటన్ గురించి అడిగితే ఏమీ మాట్లాడలేదు, లేచి బయటికి వెళ్లిపోయాడు.

హెచ్‌ఆర్ గారూ, డ్రాయింగ్ బాగా చదువుతాడు. మైక్రోమీటర్ కూడా వచ్చు, కానీ అప్పుడు కుడిచేత్తో పట్టుకునేవాడు.

చేతిపని ఓటీ | మంగళవారం, రాత్రి 10:50

నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని (ఓటీ), అంటే దెబ్బతిన్నవాళ్లు మళ్లీ పనులు చేసుకునేలా నేర్పేదాన్ని. చేతి గాయాల వాళ్లతోనే నా పనంతా.

2018లో దేశవ్యాప్తంగా చేసిన జాతీయ నమూనా సర్వే ప్రకారం 15 ఏళ్లు దాటిన దివ్యాంగుల్లో పని చేస్తున్నవాళ్లు, వెతుక్కుంటున్నవాళ్లు కలిపి 23.8 శాతమే. అందులో పని ఉన్నవాళ్లు 22.8. నిరుద్యోగం 4.2 శాతమే అని కాగితం మీద చూస్తే పర్వాలేదనిపిస్తుంది. కానీ వెతకడమే మానేసినవాళ్లు ఆ లెక్కలోకి రారు. వందకి 76 మంది లెక్కకి బయటే ఉన్నారు. మీ తమ్ముడు "ఇక వద్దు" అని ఇంట్లో కూర్చుంటే ఆయనా ఆ 76లోకే వెళ్తాడు. నాకు భయం అక్కడే.

ట్రైనింగ్ పనిచేస్తుందా అంటే, ఏ రకం ట్రైనింగ్ అన్నదాన్ని బట్టి ఉంటుంది. మనదగ్గర ఎక్కువగా జరిగేది ముందు నేర్పి, తర్వాత ఉద్యోగానికి పంపడం. ఇంకో పద్ధతి ఉంది. మనిషికి ఇష్టమైన, తగిన పని ముందే చూసి చేర్పించి, అక్కడే నేర్పిస్తూ, చేరాక కూడా తోడుండడం. 2007లో లాన్సెట్‌లో వచ్చిన ఒక అధ్యయనంలో యూరప్‌లో ఆరుచోట్ల తీవ్ర మానసిక అనారోగ్యం ఉన్న 312 మందిని రెండు గుంపులు చేశారు. 18 నెలల్లో, మొదటి రకం శిక్షణ తీసుకున్నవాళ్లలో 28 శాతం మందికి కనీసం ఒక్కరోజైనా బయట ఉద్యోగం దొరికింది. రెండో పద్ధతిలో 55 శాతం మందికి. అది మానసిక అనారోగ్యం, అది యూరప్. ఆ అంకెలు తెచ్చి చేయి దెబ్బతిన్న ఫిట్టర్‌కి అతికించను. కానీ నా దగ్గరికి వచ్చినవాళ్లలో పనిలో నిలిచినవాళ్లని తలుచుకుంటే, దాదాపు ప్రతి ఒక్కరి వెనకా చేరాక ఫోన్ చేసి "ఎలా ఉంది, ఏం ఇబ్బంది" అని అడిగిన మనిషి ఒకరుంటారు.

అక్కా, ఒకసారి తమ్ముణ్ణి తీసుకురండి. బొటనవేలికి ఎదురుగా నిలబడేలా అరచేతికి ఒక చిన్న ప్లేటు కట్టొచ్చు. దాన్ని ఆపోజిషన్ స్ప్లింట్ అంటాం. చూడ్డానికి చేతిలా ఉండదు గానీ, పట్టు వస్తుంది. చాలామంది అందంగా కనిపించే రబ్బరు చెయ్యి చేయించుకుని, రెండు పెళ్లిళ్లకి తొడిగి పెట్టెలో పడేస్తారు.

పెందుర్తి అమ్మ | బుధవారం, మధ్యాహ్నం 3:20

మా బాబుకి 24 ఏళ్లు, బుద్ధి ఎదుగుదల తక్కువ. ఓటీ గారు చెప్పిన రెండు పద్ధతులూ మా ఇంట్లోనే చూశాను కాబట్టి రాస్తున్నా.

ఆరేళ్లు ఒక కేంద్రంలో కాగితం కవర్లు అంటించాడు. మంచి టీచర్లు, నాకు ఏ ఫిర్యాదూ లేదు. కానీ ఆ కవర్లు కొనేవాళ్లు లేరు. దీపావళికి ప్రమిదలకి రంగులు వేయించి స్టాల్ పెడితే తెలిసినవాళ్లు జాలిపడి కొనేవాళ్లు.

తర్వాత వాళ్ల టీచరే మా వీధి చివర కర్రీ పాయింట్‌లో మాట్లాడారు. చట్నీ, సాంబారు పొట్లాలు సర్దే పని. వాడికి పది దాటి లెక్క రాదు. ఓనరు "లెక్క రానివాడు నాకెందుకమ్మా" అన్నాడు. టీచర్ గుడ్ల అట్ట ఒకటి తెచ్చి ముందు పెట్టారు. ఒక్కో గుంతలో ఒక్కో పొట్లం. అట్ట నిండితే ముప్పై. లెక్కపెట్టే పనే లేదు. మూడు వారాలు పొద్దున ఆరింటికల్లా వచ్చి వాడి పక్కనే నిలబడ్డారావిడ. నాలుగో వారం దూరంగా బెంచీ మీద కూర్చున్నారు. తర్వాత రావడం మానేశారు, ఫోన్ మాత్రం చేస్తారు. ఏడాదిన్నర అయింది, వాడు ఒక్కరోజు నాగా పెట్టడు. నేను జ్వరమని ఆపితే ఏడుస్తాడు.

భయం ఒక్కటే, పింఛను. నెలకి ఆరు వేలు. జీతం వస్తోందని ఎవరైనా రాసేస్తే అది పోతుందేమోనని రాత్రిళ్లు నిద్ర పట్టదు. 2025లో సదరం మళ్లీ పరిశీలన అని నోటీసులు వచ్చినప్పుడు మా వీధిలో ఎంతమంది తల్లులం బెంబేలెత్తిపోయామో. ఈ భయంతోనే పిల్లల్ని పనికి పంపనివాళ్లు నాకు తెలిసే నలుగురున్నారు. వాళ్లని తప్పుపట్టలేను.

తెల్లకర్ర ఎంవీపీ | బుధవారం, సాయంత్రం 6:00

అమ్మా, గుడ్ల అట్ట సంగతి మూడుసార్లు విన్నాను. ఆ టీచర్ గారికి నా నమస్కారాలు చెప్పండి. మాకు నేర్పినవాళ్లలో ఒక్కరైనా మేం చేరిన ఆఫీసుకి వచ్చి ఒక్కరోజు నిలబడి ఉంటే బాగుండేది.

యూనియన్ బాబాయ్ | బుధవారం, రాత్రి 7:45

అన్నీ బాగానే ఉన్నాయి గానీ, కర్రీ పాయింట్‌లో అబ్బాయికి ఎంత ఇస్తున్నారమ్మా? పని చేసినవాడికి పనికి తగ్గ కూలి రావాలి. "ఖాళీగా ఉండే బదులు" అని సగం జీతానికి పెట్టుకునేవాళ్లని చాలామందిని చూశాను.

పెందుర్తి అమ్మ | బుధవారం, రాత్రి 8:30

మొదటి మూడు నెలలు సగమే ఇచ్చారన్నయ్యా. తర్వాత టీచర్ వెళ్లి గట్టిగా మాట్లాడారు. ఇప్పుడు పక్కనున్న కుర్రాడితో సమానంగా ఇస్తున్నారు.

గాజువాక అక్క | 12 రోజుల తర్వాత, ఆదివారం, రాత్రి 9:15

ఇన్నాళ్లూ రాయలేదు, క్షమించండి. జరిగింది జరిగినట్టు చెబుతాను.

ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసుకి వెళ్లాం. శిక్షణ భత్యం గురించి అడిగితే మొదటి కౌంటర్‌లో తెలియదన్నారు. బాబాయ్ గారు చెప్పినట్టు కదలకుండా నిలబడ్డాం. లోపల ఒక మేడమ్ ఫైలు తీయించి, ఏమేం కాగితాలు కావాలో రాసిచ్చారు. సదరం స్లాట్ ఇంకా రాలేదు.

ఓటీ గారి దగ్గరికి వెళ్లాం. ప్లేటు కట్టి చూశారు. మొదటిరోజు గ్లాసు పట్టుకున్నాడు, జారిపోయింది. మూడో సిట్టింగ్‌లో స్పానర్ నిలిచింది. ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో ఆ చెయ్యి కండువా కింద దాచుకోలేదు. ఏడాదిన్నరలో అదే మొదటిసారి.

హెచ్‌ఆర్ గారు విడిగా మెసేజ్‌లో చెప్పిన ఆటోనగర్ వర్క్‌షాప్‌కి శుక్రవారం వెళ్లాం. ఇన్‌స్పెక్షన్ బల్ల దగ్గర కూర్చోబెట్టి వెర్నియర్ ఇచ్చారు. ఎడమచేత్తో పట్టుకుంటే స్కేలు తలకిందులుగా కనిపిస్తోంది. మెడ వంచి చదువుతున్నాడు. రెండు ముక్కలు కొలిచేసరికి చెమట పట్టేసింది. నాకు ఏడుపొచ్చింది, బయటికి వచ్చేశాను. కాసేపటికి ఆ మేస్త్రీ ఒక స్టాండుకి డయల్ గేజ్ (ముల్లుతో సైజు చూపించే సాధనం) బిగించి ముందు పెట్టారు. ముక్కని ఎడమచేత్తో కింద పెట్టడం, ముల్లు చూడడం, తీయడం. అంతే. గంటన్నరలో ట్రే అంతా చూసేశాడు. అందులో పాసైన గుట్టలోంచి రెండు ముక్కలు తీసి, "ఇవి సైజు సరిపోయినా అంచు బర్ ఉంది సార్, ఫైల్ పట్టాలి" అన్నాడట. బర్ అంటే అంచున మిగిలిన గరుకు, ఆకురాయితో తీయాలట. మేస్త్రీ వేలితో తడిమి చూసి తల ఊపారట.

నెల రోజులు ట్రయల్‌కి రమ్మన్నారు. రోజు కూలి ఇస్తారు. నెల తర్వాత ఏమవుతుందో తెలియదు. కుర్చీ ఎత్తు చాలడం లేదు, మోచెయ్యి లాగేస్తోందంటున్నాడు.

వైండింగ్ మాస్టారు | ఆదివారం, రాత్రి 9:50

కుర్చీ ఎత్తు పెంచొద్దమ్మా, కాళ్లు వేలాడి నడుం పోతుంది. బల్ల మీద గేజ్ స్టాండు కింద ఉన్న చెక్క తీసేయమను. నేను ఆటోనగర్ పక్కనే ఉంటాను. రేపు పదింటికి టేపు తీసుకుని వస్తాను, మేస్త్రీకి ముందే చెప్పి ఉంచండి.

దువ్వాడ హెచ్‌ఆర్ | ఆదివారం, రాత్రి 10:05

మేస్త్రీకి నేను చెబుతాను మాస్టారూ. అక్కా, వచ్చే శనివారం, ఆ పై శనివారం నేనే తమ్ముడికి ఫోన్ చేస్తాను. నంబర్ నాకు మెసేజ్‌లో పంపండి, ఇక్కడ పెట్టకండి.